వన్నూరప్ప సారు ఎర్ర గీత

మొన్న బుధవారం తెల్లవారుజామున వన్నూరప్ప సారు అనంతపురంలోని స్వగృహంలో కన్నుమూశారు. నిద్రలోనే గుండె ఆగిపోయిందని వారి అమ్మాయి ఫోనులో చెప్పింది. ముందురోజు సాయంత్రమే మేమిద్దరం మా ల్యాబు మెట్ల మీద కూర్చుని టీ తాగాం. నిజం చెప్పాలంటే నాకు మొదట కలిగింది దుఃఖం కాదు, భయం. గురువును స్మరించుకోవడానికి ఇది విడ్డూరమైన మార్గమే కావచ్చు. కానీ ఆయన జీవితమే భయంతో ముడిపడి ఉంది గనుక నన్ను తప్పు పట్టరనుకుంటాను.

కట్టడాన్ని పగలగొట్టకుండా, కోసి చూడకుండా దాని అంతఃస్థితిని తెలుసుకోవడం సారు విద్య. అందులోనూ బరువు మోస్తున్న కాంక్రీటును పరీక్షించడంలో ఆయనకు సాటి వచ్చేవారిని నేను చూడలేదు. ప్రభుత్వ ఇంజనీరుగా పదవీ విరమణ చేశాక ఈ చిన్న ల్యాబు పెట్టుకున్నారు. పదకొండేళ్ళు నేను ఆయన దగ్గర శిష్యరికం చేశాను. చేరిన కొత్తలో ఒక భవనం స్తంభాలను సుత్తి పరికరంతో తట్టి, వచ్చిన అంకెలు గర్వంగా చూపిస్తే ఆయన పెదవి విరిచారు. "ఇది తోలు ఎంత గట్టిగుండాదో చెప్తాది మా, అంతే. లోపల ఎముక సంగతి బరువెత్తినాకనే తెలిసేది" అన్నారు.

తోటివాళ్ళు ఆయనను పిరికి ఇంజనీరు అనేవారు. తాడిపత్రిలో ఒక పెళ్ళిలో మిద్దె మీద జనం కిక్కిరిసి ఉండటం చూసి, కింద బంతిలో కూర్చున్న సారు సగం తిన్న విస్తరితో లేచి ఎండలోకి వెళ్ళి కూర్చున్నారు. పెళ్ళిపెద్ద వచ్చి, "ఏమప్పా, మా బంధువులు అంత లావుగుండారా?" అని ఎకసక్కెమాడాడు. "మీ బంధువులు కాదప్పా, మీ మిద్దె సన్నంగుండాది" అన్నారు సారు. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ, తల పైకెత్తి ఆ మిద్దెను చూశాక నాకూ ముద్ద దిగలేదు.

ఆ భయం ఎక్కడ పుట్టిందో రెండేళ్ళ కిందట గానీ నాకు తెలియలేదు. కళ్యాణదుర్గం దాటి లోపలికి వెళ్తే వేరుశనగ చేల మధ్య ఒక ఊరుంది. పేరు రాయను, అక్కడివాళ్ళు ఇప్పటికే హడలిపోయి ఉన్నారు. ఆరు స్తంభాల మీద మంచినీళ్ళ ట్యాంకు, దాని నీడలోనే అంగన్‌వాడీ. ఇరవై ఏళ్ళపాటు బోరులోంచి పైకెక్కిన కాసిని నీళ్ళు ఎక్కినట్టే కిందికి దిగిపోయేవి. పైపులైను వేసి నది నీళ్ళు తెచ్చాక, ట్యాంకును నిండుగా నింపేముందు ఒకసారి పరీక్షించమని మమ్మల్ని పిలిచారు. పూలదండలు, కొబ్బరికాయలు సిద్ధంగా ఉన్నాయి. "ఇరవై ఏండ్లుగా నిలబడే ఉండాది గదా సారూ, ఇంగేం చూస్తారు?" అన్నాడు సర్పంచి. సారు నవ్వలేదు. ఆయన చేతులు వణుకుతున్నాయి. వయసు కదా అనుకున్నాను.

మేము చెవిబిళ్ళలు అని పిలుచుకునే పరికరాలు కొన్ని ఉంటాయి. గ్రీజు రాసి స్తంభాలకు అంటిస్తే, కాంక్రీటు లోపల వెంట్రుకవాసి పగులు పుట్టినా ఆ చప్పుడును పట్టి మాకు వినిపిస్తాయి. కాంక్రీటుకు ఒక గుణం ఉంది. ఇదివరకు మోసినంత బరువును మళ్ళీ మోయిస్తే దాదాపు మౌనంగా ఉంటుంది. అంతకు మించిన బరువు మొదటిసారి మీద పడినప్పుడే టిక్కుమంటుంది. ఆ రోజు అంగన్‌వాడీ పిల్లలను, చుట్టుపక్కల జనాన్ని దూరంగా పంపించేశాం. నేను స్తంభాల దగ్గరే కూర్చోబోతే సారు కసిరారు. "తీగ ఎంత పొడుగుంటే అంత దూరం పో మా. ధైర్యం చూపించి కింద నిలబడి చస్తే రిపోర్టు ఎవురు రాస్తారు?"

నీళ్ళు ఎక్కసాగాయి. సగం వరకు నిశ్శబ్దం. సగం దాటి జానెడు ఎక్కాయో లేదో నా చెవిలో ఒక టిక్కు వినిపించింది. ఆ వెంటనే ఇంకొకటి. కాసేపటికి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు వరసగా వినిపించాయి. సారు చెయ్యెత్తి మోటారు ఆపించారు. బరువు పెరగడం ఆగితే చప్పుడు కూడా సద్దుమణగాలి. పది నిమిషాలైనా సద్దుమణగలేదు, అరగంటైనా సద్దుమణగలేదు. పైన చుక్క నీరు పెరగకపోయినా లోపల పగులు పాకుతూనే ఉంది. సారు వెంటనే నీళ్ళను సగానికి దింపించారు.

ఊరివాళ్ళు ఊరుకుంటారా? బిందె పట్టుకున్న ఒక పెద్దామె ముందుకొచ్చి, "ఇన్నేండ్లకు నీల్లొస్తే నిలిపేస్తారా? మా కడుపు కొట్టనీకొచ్చినారా?" అని నిలదీసింది. సారు లేచి నిలబడ్డారు.

"ఈ ట్యాంకు బాగుండాదని ఇరవై ఏండ్ల కింద సంతకం పెట్టింది నేనేనమ్మా. అప్పుడే నిండా నింపి చూడాల్సింది. ఆ ఏడు కరువు. మీరంతా బిందెలు పట్టుకోని ఈడనే నిలబడుంటిరి. పరీక్షకని అన్ని నీల్లు పైన నిలబెట్టనీకి నాకు మనసు రాలే. సగం నింపి, నిండా నింపినామని రాసినా. ఆమీట మీ బోరు ఎండినప్పుడంతా నేను బతికిపోయినా అనుకుంటి."

"కరువే మేలాయనా నీకు?" అందామె. ఆమె బిందె కింద పెట్టి, పిల్లల గుంపులోంచి తన మనవడిని చంకనేసుకుని ఇంటిదారి పట్టింది. ఒకరి వెంట ఒకరు తల్లులంతా అదే పని చేశారు. ఆ సాయంత్రానికి అంగన్‌వాడీ పంచాయతీ ఆఫీసు వరండాలోకి మారింది.

తిరుగు ప్రయాణంలో నాకు కోపం వచ్చింది, దాచుకోను. నేను దేవుడిలా కొలిచిన మనిషి ఒక అబద్ధపు సంతకం కింద ఊరిని ఇరవై ఏళ్ళు పడుకోబెట్టాడు. అది కనిపెట్టి ఆయనే అన్నారు. "జాలితో రాసినా అబద్ధం అబద్ధమే మా. కాంక్రీటుకు జాలి తెలీదు."

మర్నాడే వెళ్ళి ట్యాంకు నీటిమట్టం పలక మీద సగం దగ్గర స్వహస్తాలతో ఎర్ర రంగు గీత గీసి వచ్చారు. స్తంభాలకు కొత్తగా ఇనుము కట్టి కాంక్రీటు తొడుగు వేయాలని నివేదిక ఇచ్చారు. అది ఇప్పటికీ బల్లల మీద తిరుగుతూనే ఉంది. అక్కడ మోటారు చూసుకునే ఓబులేసు రోజూ సాయంత్రం ఐదింటికి నీళ్ళు ఎక్కిస్తాడు. ఆరింటికి సారు ఫోను చేసి, "గీత కిందనే ఉండాయా నీల్లు?" అని అడిగేవారు. ఓబులేసు పలక చూసి మోటారు ఆపేవాడు. రెండేళ్ళలో ఒక్క రోజు తప్పలేదు. తన కూతురి పెళ్ళిలో సారు ఎడమచేత్తో ఫోను, కుడిచేతిలో అక్షింతలు పట్టుకుని అదే ప్రశ్న అడగటం నేను కళ్ళారా చూశాను.

బుధవారం అంత్యక్రియలు ముగించుకుని ఇల్లు చేరేసరికి ఏడు కావస్తోంది. నా ఫోను మోగింది. ఓబులేసు.

"మేడమ్, ఈ పొద్దు సారు ఫోను రాలే. నేను చేస్తే ఎత్తడం లే. సారు అడిగితే గదా నేను మోటరు ఆపేది, అట్లే చూస్తా కూచున్యా. నీల్లు గీత దాటి మూరెడు పైకి పోయినాయి. ఏం చేసేది?"

మోటారు ఆపి, కిందికి నీళ్ళు వదలమని అరిచాను. స్తంభాల దగ్గరికి ఎవరినీ రానివ్వద్దన్నాను. వాల్వు మాత్రం ఆ స్తంభాల మధ్యనే ఉంది, దాన్ని తిప్పడానికి ఓబులేసే వెళ్ళాలి. ఫోను చెవికి ఆనించుకుని వాకిట్లో నిలబడ్డాను. అతని చెప్పుల చప్పుడు, వాల్వు కీచుమనడం, నీళ్ళ హోరు వినిపించాయి. నా చెవికి ఆ హోరులో కూడా టిక్కులు వినిపిస్తున్నట్టే ఉంది. ఎంతసేపు అలా నిలబడ్డానో నాకు తెలియదు.

"దిగినాయి మేడమ్, గీత కిందికొచ్చినాయి. సారుకు చెప్పండి, కంగారు పడతాంటాడు" అన్నాడు ఓబులేసు.

చెప్తానన్నాను. ఆయన లేరన్న మాట ఆ పూట నా నోట రాలేదు.

విద్వాంసులైన ఇంజనీర్లు ఈ జిల్లాకు ఇంకా వస్తారు. మా అందరి బదులు ఒక్కడే భయపడిన మనిషి మాత్రం మళ్ళీ రాడు. ఇప్పుడు ఆరింటికి నేనే ఫోను చేస్తున్నాను. ఐదు నుంచే నా చేతులు వణుకుతున్నాయి, ఇది వయసు కాదని నాకు తెలుసు. ఓబులేసుకిచ్చిన మాట ఇక్కడ చెల్లించుకుంటున్నాను. సారూ, ఈ రోజు నీళ్ళు గీత కిందనే ఉన్నాయి. రేపటి సంగతి రేపు ఆరింటికి అడిగి చెప్తాను.