పుస్తకం మూసి చెప్పించిన సారు

మా ఎదురింటి సారు పోయిన మంగళవారం పొద్దున కాలం చేశారు. జనగామ దవాఖానకు తీసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయిందని వాళ్ల కోడలు వచ్చి చెప్పింది. సరే అన్నాను.

కొడకండ్లలో ఆయన ఇంగ్లిషు సారు. రిటైరయ్యాక, డిగ్రీ అయిపోయి పై చదువుల ఎంట్రెన్సులు రాసే పిల్లలు సాయంత్రాలు ఆయన అరుగు మీదికి వచ్చేవాళ్లు. ఆ పరీక్షల్లో పెద్ద పేరా ఇచ్చి, దాని మీద ప్రశ్నలు అడుగుతారట. మనవాళ్లు అక్కడే ఆగిపోతారట. నేను మగ్గం నేసినవాణ్ని, ఐదో తరగతి దాకా చదివాను. అయినా రోజూ నన్ను పిలిచి కూర్చోబెట్టేవారు. పిల్లలు పేరా చదవాలి, పుస్తకం మూయాలి, అందులో ఉన్నది తెలుగులో నాకు చెప్పాలి. అదీ ఆయన పద్ధతి.

"గీ అన్నకు ఇంగ్లిషు రాదు. గందుకే పిలిచిన," అనేవారు.

నాకు నలుగురిలో నోరు పెగలదు. ఎవరేం చెప్పినా తల ఊపేవాణ్ని.

వాళ్లలో ఒక రైతు బిడ్డ ఉండేది. రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఈసారీ రాకపోతే జనగామలో బట్టల దుకాణంలో పనికి పోవాలని వాళ్ల నాయిన తేల్చేశాడు. ఒకనాడు ఆమెకు బోరుబావుల మీద పేరా వచ్చింది. చదివి, పుస్తకం మూసి, బోర్లు ఎక్కువై నీళ్లు అడుగంటాయని, రైతు మునిగాడని చెప్పింది. తెలిసిన సంగతే కదా అని తల ఊపాను.

సారు పుస్తకం తెరిచి ఆమె ముందు పెట్టారు.

"రైతు మునిగిండని ఎక్కడున్నది? చూపియ్యి."

వెతికింది. లేదు. చెరువులు పూడడం కూడా కారణమేనని, ఒక్క బోర్లనే అనొద్దని ఉందట అందులో.

"మా నాయిన నాలుగు బోర్లేసిండు సార్. నాలుగూ ఎండినయ్."

"గది నాకెరికే బిడ్డా. నువ్వు మీ బోర్లను చదివినవ్. రాసినాయనను జర మాట్లాడనియ్యి." తర్వాత నా వైపు తిరిగారు. "నువ్వు గూడ గంతే అన్నా. ఊకె తల ఊపకు. గా మాట రాసినాయనదా, నీదా అని అడుగు."

అడగడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అడిగితే ఆ పిల్ల పుస్తకం తెరిచి చూసుకుని, "నాదే తాతా," అంది. పక్కనున్న పిల్ల నవ్వింది. "తాత గూడ సారయ్యిండే. రేపు బెత్తం తెస్తడు."

ఎదుటి మనిషి చెప్పేది ఆఖరిదాకా వినడం ఇంత వయసొచ్చాక ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు.

ఈ ఏడు ఆ రైతు బిడ్డ వచ్చేసరికి సారు మంచం పట్టి ఉన్నారు. నేను పక్కనే కూర్చున్నాను.

"వరంగల్‌ల సీటు వచ్చింది సార్."

ఆయన ర్యాంకు అడగలేదు. "పరీక్షల ఏం పేరా ఇచ్చిండ్రు?"

"తేనెటీగల మీద."

"చెప్పు మరి."

ఆమె మంచం పక్కన కింద కూర్చుని మొదలుపెట్టింది. ఈగ గూటికి తిరిగొచ్చి, పూలు ఎటు ఉన్నాయో మిగతావాటికి ఎట్లా తెలుపుతుందో నిదానంగా చెబుతోంది. కోడలు తెచ్చిన చాయ్ మీద మీగడ కట్టింది. సారు కళ్లు మూసుకుని వింటూనే ఉన్నారు.