ముప్పై రెండు దగ్గర ఆరిన ఎర్రలైటు

రియాద్‌లో ఏసీ మెకానిక్‌గా చేరి పంతొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో చల్లబరచమని పిలిచినవాళ్ళే గాని వెచ్చబెట్టమని పిలిచినవాళ్ళు లేరు. మొదటిసారి పిలిచింది ఒక పాము కోసం.

మలాజ్ పేటలో మా కంపెనీ చూసే పాత విల్లా అది. ఆ ఇంటి పెద్దమ్మాయి పశువైద్యం చదువుతోంది. తన గదిలో గాజుపెట్టె పెట్టి ఒక కొండచిలువను పెంచుతోంది. ఆఫ్రికా జాతి, నాలుగడుగుల పొడవు. భయపడితే తల లోపలికి పెట్టుకొని బంతిలా చుట్టుకుంటుంది. కాటులో విషం లేదని ఆ అమ్మాయి మొదటిరోజే చెప్పింది. నేను నమ్మాను, అయినా రెండడుగుల దూరంలోనే నిలబడ్డాను.

వేసవిలో వాళ్ళింట్లో ఏసీ పగలూ రాత్రీ ఇరవై మీదే ఉంటుంది. బయట నలభై ఆరు. ఆ పాముకు కావలసిన వేడి గోడ అవతలే ఉంది, గోడ ఇవతల మాత్రం దానికి చలి. అందుకని ఆ అమ్మాయి పెట్టె మీద ఒక ఎర్ర బల్బు వేలాడదీసింది. జనవరిలో అది మాడిపోయింది. బుధవారం సాయంత్రం ఇంటివాళ్ళు నాలుగు రోజులకు మదీనా వెళుతున్నారు. సోమవారమే పాముకు ఒక ఎలుకను తినిపించింది. చలిలో ఉంటే పాముకు తిన్నది అరగదట. లోపలే కుళ్ళుతుందట, కక్కుకుంటుందట, ఒక్కోసారి చచ్చిపోతుందట. ఇదంతా నాకు అరబ్బీలో నెమ్మదిగా, పొట్ట మీద చెయ్యి పెట్టి చూపిస్తూ చెప్పింది. బుధవారం లోపల ఏదైనా మంచి ఏర్పాటు చెయ్యమంది.

నేను పదో తరగతి తప్పినవాణ్ణి. కాని లెక్కంటే నాకు ఇష్టం. ఏ గదికి ఎంత ఏసీ కావాలో ఇంజనీర్లు కాగితాలు చూసి చెబుతారు. నేను పొడవు, వెడల్పు, ఎండ తగిలే గోడలు, లోపల ఉండే మనుషులు, అన్నీ నోటుబుక్కులో రాసుకొని చెబుతాను. పెద్ద తేడా రాదు. పెట్టె కొలతలు రాసుకున్నాను: మూడడుగులు పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. పాముకు ఒక కొసన ముప్పై రెండు డిగ్రీలు, రెండో కొసన ఇరవై ఆరు ఉండాలంది. రెండూ ఎందుకని అడిగాను. ఎక్కడ పడుకోవాలో అదే చూసుకుంటుందని చెప్పింది. ఆ మాట నాకు నచ్చింది.

పెంపుడు జంతువుల దుకాణంలో నాలుగు రకాల సామాను చూపించారు. మళ్ళీ ఎర్ర బల్బే పెడితే రాత్రంతా వెలుగు, పైగా పెట్టెలో గాలి ఎండిపోతుంది. వేడెక్కే రాయి ఒకటుంది. పాము దాని మీద పడుకొని పొట్ట కాలుతున్నా లేవదని దుకాణం వాడే ఒప్పుకున్నాడు. వెలుగు లేకుండా వేడిచ్చే పింగాణీ బల్బు బాగుంది గాని, వీళ్ళ పెట్టెకు మూత ప్లాస్టిక్ జాలీ, అది కరుగుతుంది. చివరిది కరెంటుతో వేడెక్కే పలుచని చాప. అట్టలాగా ఉంటుంది, పదహారు వాట్లు, పెట్టె అడుగున బయటివైపు అంటించాలి. అదే తీసుకున్నాను.

ఊరి చివర సులైలో మా క్యాంపు గదికి తెచ్చి, ఆ చాప మీద ఒక గాజుపలక పెట్టి, పైన థర్మామీటరు ఉంచాను. గంటలో నలభై ఆరుకు పోయింది. అంటే దీన్ని ఊరికే ప్లగ్గులో పెట్టి వదిలేస్తే పాము కాలుతుంది. వేడిని చూసి ఆపే కంట్రోలరు ఉండాల్సిందే.

మా గదిలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉంటాడు. నేను ఆయన్ని బావా అంటాను. మంచం మీద దుప్పటి కప్పుకొని ఇదంతా చూస్తున్నాడు. ఆ రోజు మా గదిలో తొమ్మిది డిగ్రీలు.

"గదేంది, పాముకు చాపనా?"

"హీటర్ చాప బావా."

"మనిద్దరం ఈడ గజగజ వణుకుతున్నం. గా చాప నా కింద పరుచు. పాముకు ఇంకోటి కొను."

"అడుగున్నరే ఉంటది. నీకు ఒక్క నడుమే కాగుతది."

"నడుమే నొస్తున్నది తియ్యి."

కంట్రోలరు కొనే పని లేకపోయింది. నా సంచిలో ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి. కూరగాయల దుకాణాల చల్లగదులకు నేను పెట్టేవి అవే. చిన్న డబ్బా, దానికి అంకెలు, మిషనుకు కరెంటు పోతుంటే వెలిగే ఎర్రలైటు, వేడిని చూసే తీగ ఒకటి. బుధవారం మధ్యాహ్నం వెళ్ళి పెట్టె అడుగున మూడో వంతు మేర చాప అంటించాను. చాపను డబ్బాకు కలిపాను. ముప్పై రెండు పెట్టాను. ఎప్పుడూ చేసినట్టే తీగ కొనను ఒక్క నిమిషం వేడినీళ్ళ గ్లాసులో ముంచి చూశాను. అంకె పెరిగింది, టక్‌మని చప్పుడొచ్చి ఎర్రలైటు వెలిగింది. పని చేస్తోంది. తీగ కొనను లోపల, ఆ వెచ్చటి వైపు గాజుకు టేపు వేశాను. ఆ అమ్మాయికి "మాఫీ ముష్కిల్", ఏ ఇబ్బందీ లేదు అని చెప్పి, చెయ్యి కడుక్కొని వచ్చేశాను.

ఇంట్లో మిగిలేది ఇద్దరే. మంచం దిగని ముసలమ్మ, ఆమెను చూసుకునే పనామె. పనామెది కడప జిల్లా. నన్ను అన్నా అంటుంది, నేను చెల్లె అంటాను. పామును చూసుకొమ్మని కూడా ఆమెకే చెప్పారు. వెళ్ళేముందు నన్ను గుమ్మం దగ్గర ఆపింది.

"అన్నా, నిజం చెప్పు. ఇది సచ్చిపోతే ఎవర్ని అడుగుతారు?"

"సావదు చెల్లె. పొద్దుగాల ఒకసారి, పొద్దుగూకంగ ఒకసారి డబ్బా మీద నెంబర్ సూసి నాకు ఫోన్ల చెప్పు. సాలు."

"సచ్చిందనుకో. నేనే పట్టించుకోలేదంటారు. నాకు సెలవు ఇస్తామని చెప్పి ఉండారు వచ్చే నెల. బిడ్డను సూసి మూడేండ్లాయ."

అప్పుడు నాకు పాము బతుకుతో ముడిపడింది ఏమిటో అర్థమైంది. ఏం కాదని మళ్ళీ చెప్పాను.

గురువారం పొద్దున్నే ఫోన్ చేసింది. పద్దెనిమిది. సాయంత్రం కూడా పద్దెనిమిదే.

ముప్పై రెండు రావలసిన చోట పద్దెనిమిది. నోటుబుక్కు తీసి లెక్క వేశాను. మా గదిలో తొమ్మిది, కాబట్టి వాళ్ళ గదిలోనూ ఇంచుమించు అంతే. చాప తొమ్మిదిని పద్దెనిమిది చేసింది, అంటే తొమ్మిది డిగ్రీలు పెంచింది. మా గదిలో ఒక్క పలక మీద నలభై ఆరు దాకా పోయినా, అంత పెట్టెలో గాజు నాలుగు వైపులా చలి పీలుస్తుంటే పదహారు వాట్లు ఇంతకంటే ఏం చేస్తాయి? చాప చిన్నదైంది, తప్పు నాది. కాగితం మీద లెక్క అతికినట్టు కుదిరింది. అలా కుదరడమే నన్ను ముంచింది. మా గది రేకుల గది, వాళ్ళది పాలరాళ్ళ ఇల్లు. ఆ గదిలో ఎన్ని డిగ్రీలుందో ఆమెను ఒక్క మాట అడిగితే సరిపోయేది. నేను అడగలేదు, నా చలిని తీసుకెళ్ళి ఆ ఇంటికి పెట్టాను.

పెట్టెకు మూడు వైపులా కంబళి చుట్టమని చెప్పాను. చుట్టింది. శుక్రవారం పొద్దున కూడా పద్దెనిమిదే. పాము కదలడం లేదంది. సోమవారం తిన్న ఎలుక దాని పొట్టలో నాలుగో రోజు.

నేను వెళ్ళి ఇంకో చాప అంటించి రావచ్చు గదా అనిపిస్తుంది. అలా కుదరదు. ఇంట్లో మగవాళ్ళు లేనప్పుడు మేము గుమ్మం లోపల అడుగు పెట్టం. అది మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను వెళ్ళానని తెలిస్తే పాము సంగతి దేవుడెరుగు, ముందు ఆమె సెలవు పోతుంది, తర్వాత ఈ దేశంలో ఉండనిచ్చే నా ఇఖామా.

శుక్రవారం మా సెలవు రోజు. మధ్యాహ్నం బావ పప్పు పోపు పెడుతుంటే ఫోన్ మోగింది.

"అన్నా, నేనొక పని చేసినా. తిట్టొద్దు."

"ఏం జేసినవ్?"

"వేడినీళ్ళు సీసాలో పోసి, పాత చున్నీ చుట్టి, మూత తీసి లోపల పెట్టినా. అట్ల సూస్తా ఉండలేకపోయినా. మా ఊర్లో పుట్టకు పాలు పోస్తి ప్రతి ఏడూ. ఈడ దీనికి వేడినీళ్ళు పోయాల్సి వచ్చింది."

"నువ్వు మూత తీసినవా?"

"తీసినా. కండ్లు మూసుకొని పెట్టినా. ఇప్పుడు ఇనన్నా. నెంబర్ పెరిగి ముప్పై మూడు అయింది. ఆ ఎర్రలైటు లేదూ, అది ఇప్పుడే టక్ మని ఎలిగింది."

చేతిలో రొట్టె పక్కన పెట్టి లేచాను.

"ఇప్పుడే వెలిగిందా? ఇన్ని దినాలు వెలుగుతలేదా?"

"ఎలగలే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు నెంబర్ అడిగితివి. లైటు ఎప్పుడు అడిగితివి?"

నిజమే. అడగలేదు. చల్లగా ఉన్నప్పుడు ఆరి, వేడెక్కాక వెలిగే లైటు. అది చల్లగది పద్ధతి. అక్కడ వేడెక్కితే మిషను నడవాలి, చల్లబడితే ఆగాలి. డబ్బాను మొదటిసారి కరెంటుకు పెట్టగానే చల్లబరచాలా, వెచ్చబెట్టాలా అని ఒక ఇంగ్లీషు అక్షరం అడుగుతుంది: చల్లదనానికి సి, వేడికి హెచ్. పంతొమ్మిదేళ్ళుగా చల్లబరచడానికి నొక్కిన వేలు, పాము దగ్గర కూడా అదే నొక్కింది. పరీక్ష కూడా చల్లగది పరీక్షే చేశాను. వేడినీళ్ళలో ముంచి, లైటు వెలగగానే సంతోషపడి వచ్చేశాను. వెచ్చబెట్టే దాన్ని చన్నీళ్ళలో ముంచి చూడాలి. ఆ చాప రెండు రోజులుగా ఒక్క నిమిషం కూడా వేడెక్కలేదు. పద్దెనిమిది ఆ గది వేడే.

అంతకంటే ప్రమాదమైన సంగతి ఇంకొకటి. ఇప్పుడు చాపకు కరెంటు పోతోంది. వేడెక్కుతున్న కొద్దీ అది ఆగదు. నలభై ఆరు దాకా పోతుందని నా గదిలో నేనే కొలిచాను.

"చెల్లె, గోడ కాడ ప్లగ్గు పీకు. ఇప్పుడే."

"పీకినా."

"పాము యాడుంది?"

"నీళ్ళ గిన్నె కాడ. ఆ పక్కన."

చాప లేని వైపు. అప్పుడు సీసా తీయించాను. మూత తీస్తూ ఏదో గొణుక్కుంది, దేవుడి పేరే అనుకుంటాను. పెట్టెను కాసేపు చల్లబడనిచ్చాం. ప్లగ్గు మళ్ళీ పెట్టించాను. ముప్పై చూపించింది.

"ఎడమ మీట అయిదు అంకెలు లెక్కబెట్టేదాక ఒత్తి పట్టుకో. ఏదైనా అక్షరం వచ్చిందా?"

"వచ్చింది. నాకు ఇంగ్లీసు రాదు గదన్నా."

"ఎట్లుంది జెప్పు."

"కొడవలి మాదిరి ఉండాది."

"గదే నా తప్పు. పై మీట నొక్కు, కొడవలి పోయి నిచ్చెన మెట్టు లెక్క రావాలె. రెండు నిలువు కర్రలు, నడుమ ఒక అడ్డకర్ర."

కాసేపు మీటల చప్పుడు.

"వచ్చింది. నిచ్చెన."

"ఎడమ మీట ఒక్కసారి నొక్కి వదిలెయ్యి."

టక్. నాకు ఫోన్‌లో వినిపించింది. ఎర్రలైటు వెలిగిందని చెప్పింది. ఈసారి ముప్పై దగ్గర వెలిగింది. ఫోన్ పెట్టొద్దన్నాను. ఆమె అంకెలు చదువుతుంటే నేను గడియారం చూసి రాసుకున్నాను. ముప్పైన్నర. ముప్పై ఒకటి. మధ్యలో ముసలమ్మ పిలిస్తే వెళ్ళి నీళ్ళిచ్చి వచ్చింది. పదిహేడో నిమిషంలో ముప్పై రెండు.

"ఆరిపోయిందన్నా," అంది.

ఆ మాట కూడా రాసుకొని కింద గీత గీశాను. వెలగడం చూసి బుధవారం మోసపోయాను గదా, ఆరడమే నాకు కావలసింది. బావ పప్పు దించి, "ఏందిరా, పాము కన్నదా?" అన్నాడు.

ఆ సాయంత్రం నుంచి ఆమె నెంబరూ లైటూ రెండూ చెప్పింది. శనివారం పాము వెచ్చటి వైపు వచ్చి పడుకుంది. ఆదివారం ఇంటివాళ్ళు వచ్చారు. పాము ఎలుకను కక్కలేదు.

సోమవారం వెళ్ళి ఆ అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బా తప్పుగా పెట్టింది నేను, రెండు రోజులు పాము చలిలో ఉన్నది నా వల్ల, దాన్ని కనిపెట్టింది మీ పనామె, మూత తీసి సీసా పెట్టింది ఆమే అన్నాను. నా అరబ్బీ అంత దూరం పోదు, కొంత చేతులతో చెప్పాను. ఆ అమ్మాయి మొదట నా వైపు కోపంగానే చూసింది. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడ్డ ఆమె వైపు తిరిగి, మూత నువ్వే తీశావా అని రెండుసార్లు అడిగింది. తీశానని తల ఊపింది. పాము ఇంకా రెండు మూడు రోజుల్లో పెంట వేస్తే అరిగినట్టు, అప్పటిదాకా ఏమీ చెప్పలేనని అమ్మాయి అంది.

బుధవారం నేను సులైలో ఒక గోదాము కప్పు మీద ఉన్నాను. కడప గొంతుతో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అన్నా, అది దొడ్డికి పోయిందంట. పెద్దపాప నవ్వుతాంది. నా పాస్‌పోర్టు తీసుకొనిపోయినారు, సెలవు కాగితం తీయిస్తారంట. నువ్వు ఆ నోటుబుక్కులో రాసుకో."

గోదాము కప్పు మీద ఎండగా ఉంది. జేబులోంచి నోటుబుక్కు తీసి, తొమ్మిదో రోజు, ముప్పై రెండు, అరిగింది అని రాసుకున్నాను. తర్వాత కిందికి దిగి, చన్నీళ్ళ సీసా ఒకటి తెచ్చి సంచిలో కంట్రోలర్ల పక్కన పెట్టుకున్నాను.