ఓస్మో మొదటి ప్రశ్న

పాత ఎక్స్‌కవేటరు ఎందుకు మొరాయిస్తోందని అడిగితే, దాన్ని నడిపినవాడు ఆ మధ్యాహ్నం ఏం తిన్నాడో తెలుసుకున్న తర్వాతే ఇంజను మూత ఎత్తే మెకానిక్కు ఓస్మో. అటువంటివాడు ఫిన్లాండులో మరొకడున్నాడని హిల్కా ఎన్నడూ వినలేదు. ఉంటే బాగుండునని కోరుకోనూ లేదు.

కౌహయోకి శివార్లలో పాత ఎక్స్‌కవేటర్లు కొని, బాగుచేసి అమ్మే యార్డు హిల్కాది. ఈ కాలపు డీజిలు యంత్రాల పొగగొట్టంలో ఒక ఫిల్టరు ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి, ఇంజను కష్టపడి వేడెక్కినప్పుడు ఆ మసిని తానే కాల్చుకుంటుంది. అలా కాల్చుకోలేకపోతే తెర మీద లోపాన్ని తెలిపే ఒక కోడు వెలుగుతుంది. యంత్రం సగం బలంతో ఈడుస్తుంది. అప్పుడు హిల్కా ల్యాప్‌టాప్ తెరుస్తుంది. ఓస్మో స్టూలు లాక్కుని కూర్చుంటాడు.

"ఏమయ్యా, మధ్యాహ్నం ఏం తిన్నావు?"

వాసా నుంచి వచ్చిన ఒక కాంట్రాక్టరుకు ఈ ప్రశ్నతో ఒళ్ళు మండిపోయింది. "నేను వచ్చింది యంత్రం చూపించుకోవడానికి. బరువు తగ్గడానికి కాదు!"

"తిన్నావా, లేదా?"

"లేదు! పని తెమలక నెలరోజులుగా మధ్యాహ్నం భోజనమే ఎరగను. చాలా?"

"చాలు. తిండికే తీరిక లేనివాడు చేతికందిన ఆయిలే పోస్తాడు. హిల్కా, ఇతను ఏది పోశాడో చూడు."

చూస్తే, ఆ ఫిల్టరుకు పడని ఆయిలు. దాని బూడిద ఎంత వేడికీ కాలక లోపల పేరుకుపోయింది. కాంట్రాక్టరు కృతజ్ఞతలు చెప్పి, తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

ఒక్క ఉదాహరణతో ఏ సిద్ధాంతమూ నిలవదని హిల్కా అభిప్రాయం. దానికి తగ్గట్టే మరుసటి వారం ఒకావిడ మరో యంత్రం తెచ్చింది. తాను తిన్నది తన భర్త చేసిన చేపల రొట్టె అని చెప్పింది. పిండి రై ధాన్యానిదా, ఉప్పెంత, పొయ్యిలో ఎంతసేపు అని ఓస్మో ఓపికగా విచారించాడు. చివరకు తేలిందేమిటంటే, సెన్సారు తీగను ఎలుక కొరికింది.

"చేపల రొట్టెకూ దీనికీ సంబంధమేమిటి?" అని హిల్కా నిలదీసింది.

"ఏమీ లేదు," అని ఓస్మో నిజాయితీగా ఒప్పుకున్నాడు. "విన్నందుకు నష్టం కూడా లేదుగా."

ఉన్న సాక్ష్యాలన్నీ కూడగట్టుకుని, ఓస్మో తిండిపోతని హిల్కా నిర్ధారణ చేసుకుంది. ప్రతి గురువారం అతను ఇంటినుంచి తెచ్చే బఠాణీ సూప్ కుండ అందుకు బలమైన ఆధారం. అందులోంచి పెళ్ళివారందరికీ వడ్డించవచ్చు. కాని తినేది ఇద్దరే. అందులోనూ హిల్కా ఫోనును భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, నిలబడే గుటకలు వేస్తుంది. పొడవాటి బల్ల దగ్గర మిగిలేవి ఓస్మో, కుండ, ఆవముద్ద సీసా.

ఆ శరదృతువులో ఒక గురువారం రెయో వచ్చాడు. హిల్కా యార్డులోనే కొన్న చక్రాల ఎక్స్‌కవేటరును రోడ్డు పొడవునా నత్తలా నడిపించుకుంటూ వచ్చి, టోపీ తీసి నిలబడ్డాడు.

"ఇది నువ్వే వెనక్కి తీసుకో హిల్కా. ఫిల్టరు పోయింది. ఈ వయసులో కొత్తది వేయించి ఏం చేసుకోను? ఇక పని మానేసి ఇంట్లో కూర్చుంటాను."

నేల గడ్డకట్టేలోగా రైతుల పొలాల్లో కాలువలు తవ్వి ముగించాల్సిన మనిషి అతను. వసంతంలో భార్య పోయింది. ఆ ఇంట్లో అతను కూర్చోగలడన్న మాట అతనికే నమ్మకం లేనట్టు వినిపించింది. యంత్రం వెనక్కి తీసుకోవడం తేలికే. ఆ తర్వాత ఈ మనిషి ఏమవుతాడన్నదే హిల్కాను వేధించింది.

ఆమె ల్యాప్‌టాప్ తగిలించింది. ఫిల్టరు నిండా మసి. అంతకన్నా వింతైన సంగతి ఇంకొకటి కనబడింది. మసి కాల్చుకోవడానికి యంత్రం ఎన్నోసార్లు ప్రయత్నించింది. ప్రతిసారీ, సరిగ్గా భోజనాల వేళకు, ఎవరో దాన్ని ఆపే మీట నొక్కారు.

"రెయో, ఈ మీట నొక్కిందెవరు?"

"నాకేం తెలుసు?" అన్నాడు రెయో. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఓస్మో స్టూలు లాక్కున్నాడు. "మధ్యాహ్నాలు ఏం తింటున్నావు?"

"సాసేజీ."

"చల్లదా, వేడిదా?"

"... వేడిదే."

"పొలం మధ్యలో పొయ్యి ఎక్కడిది నాయనా?"

ఓస్మో ఇంజను మూత ఎత్తాడు. ఫిల్టరు డబ్బా మీద సాసేజీ చుట్టిన అల్యూమినియం రేకు ముక్కలు, కారి మాడిన కొవ్వు చారికలు.

"ఇంజను ఆపితే సాసేజీ చల్లారిపోతుంది కదా!" అని రెయో బయటపడ్డాడు. "క్యాబిన్ కూడా చల్లబడుతుంది. అందుకని తిన్నంతసేపూ నడుస్తూనే ఉంచుతాను."

"మరి మీట సంగతి?"

"అది శుభ్రం చేసుకోవడం మొదలుపెడితే కొలిమి అయిపోతుందయ్యా! మొదటిసారి నా సాసేజీ బొగ్గయింది. ఎంత ఆవముద్ద పూసినా గొంతు దిగలేదు."

ల్యాప్‌టాపూ సాసేజీ ఒకే సాక్ష్యం చెప్పడం హిల్కా వ్యాపారజీవితంలో అదే మొదలు. నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవులు బిగించుకుంది. ఓస్మోకు మాత్రం నవ్వు రాలేదు.

"ఫిల్టరు చావలేదు, ఊపిరాడక ఉంది, అంతే. ఇక్కడే కాల్చేద్దాం. కాని మళ్ళీ ఆ రేకు అక్కడ పెట్టావంటే సాసేజీతోపాటు నువ్వూ వేగుతావు."

యంత్రాన్ని యార్డు మధ్య ఖాళీ జాగాలో నిలిపారు. హిల్కా ల్యాప్‌టాప్ నుంచి ఆదేశమివ్వగానే ఇంజను రొద పెంచి వేడిగాలి కక్కసాగింది. అది ముగిసేదాకా చేసేదేమీ లేదు గనుక ఓస్మో రెయోను బల్ల దగ్గర కూర్చోబెట్టి సూప్ వడ్డించాడు. ఆ తర్వాత జామ్ పూసిన అట్లు. గిన్నెలు ఖాళీ అయ్యేసరికి కోడు మాయమైంది.

"అయితే యంత్రం ఉంచుకోవచ్చా?" అన్నాడు రెయో, మళ్ళీ టోపీ పెట్టుకుంటూ.

"ఉంచుకో. కాని ఇది ఒక్కసారితో వదిలే మసి కాదు, మొండి మసి. ప్రతి గురువారం మధ్యాహ్నం ఇక్కడికి తీసుకురా. దాని పని అయ్యేలోపు నీ భోజనం అవుతుంది."

అప్పటినుంచి రెయో ప్రతి గురువారమూ వచ్చాడు. ఓస్మో మూత ఎత్తి, టార్చి వేసి, గంభీరంగా తల ఆడించేవాడు.

"ఎలా ఉందయ్యా?"

"మొండి మసి."

తర్వాత ఇద్దరూ కూర్చుని, దుప్పి వేటలో ఎవరి గురి ఎంత అధ్వానమో చెప్పుకునేవారు. ఫోనులో బేరమాడుతున్న హిల్కాకు అవతలివాడి మాట వినబడనంతగా నవ్వులు.

నేల గట్టిపడింది, కాలువల పని ముగిసింది. ఒక గురువారం హిల్కా యంత్రం పక్కనుంచి వెళ్తూ ఆగింది. ఇంజను నడవడం లేదు. ఆగిన ఇంజను మసిని ఎలా కాలుస్తుంది? క్యాబిన్ ఎక్కి తాళం తిప్పి చూసింది. మసి గేజి అట్టడుగున ఉంది. ఆమె నేరుగా సూప్ వేడిచేసే పొయ్యి దగ్గరికి వెళ్ళి ఓస్మోను పట్టుకుంది.

"ఆ ఫిల్టరులో మసి లేదు."

"తెలుసు," అన్నాడు ఓస్మో, సూప్ కలుపుతూ.

"కోడు ఎప్పుడో పోయింది."

"ఒంటరిగా క్యాబిన్‌లో తినేవాడు ఇంజను ఆపడు హిల్కా. ఆ చప్పుడే తోడు. ఎవరితో తిన్నావని అడిగితే మనవాళ్ళు టోపీ సర్దుకుని వెళ్ళిపోతారు. ఏం తిన్నావంటే చెబుతారు." గరిటెను కుండ అంచుకు కొట్టి దులిపాడు. "రెయోకి మాత్రం చెప్పకు. సిగ్గుపడి రావడం మానేస్తాడు."

తిండిపోతన్న తన పాత తీర్పును హిల్కా మనసులోనే కొట్టివేసింది. రెయోను భోజనానికి పిలవడానికి బయటికి వెళ్ళింది. అతను ఈలోగా క్యాబిన్ ఎక్కి కూర్చున్నాడు. ఎదురుగా గేజి వెలుగుతోంది.

"రెయో, ఆ గేజి..."

"ఖాళీయే. పొద్దస్తమానం నా ముక్కు ముందే ఉంటుంది. నాకు చూపు పోలేదులే."

"మరి ఎందుకు వస్తున్నావు?"

రెయో వంగి గొంతు తగ్గించాడు. "ఓస్మోకి చెప్పకు. నేను రాకపోతే, పాపం, అంత పెద్ద కుండ ముందు ఒక్కడే కూర్చుంటాడు. నువ్వేమో ఎప్పుడూ ఫోనులోనే ఉంటావు."

ఆఫీసులో ఫోను మోగుతోంది. హిల్కా దాన్ని మోగనిచ్చి, మూడో గిన్నె తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చుంది.

"ఈ వారం మసి ఎలా ఉందంటావు?" అన్నాడు రెయో, ఆవముద్ద సీసా అందుకుంటూ.

"మొండిగానే ఉంది," అన్నాడు ఓస్మో. "ఏం హిల్కా?"

ఏ సాక్ష్యాన్నైనా తూచి చూసిగాని నమ్మని హిల్కా, సూప్ మీదినుంచి చూపెత్తకుండా, తల ఊపింది.

"చలికాలమంతా, మార్చి దాకా వదిలేలా లేదు," అంది.