గొంతు అరువివ్వని మేనత్త

నందిగామలో ఉండే మా మేనత్త పోయిన వారం కన్నుమూసింది. జగ్గయ్యపేటలో నాకు కబురు అందేసరికి కొత్త కథ సగంలో ఉన్నాను. ఇక దీన్ని ఎవరికి చదివి వినిపించాలన్నదే నాకు ముందుగా కలిగిన దిగులు. ఆ మాట వింటే ఆవిడ మురిసిపోయేది.

డెబ్భైల్లో నేను పంపిన కథలన్నీ వారపత్రికల నుంచి తిరుగు టపాలో వచ్చేసేవి. ఇక రాయడం మానేస్తానని అత్త దగ్గర ఏడ్చాను. ఆవిడ ఓదార్చలేదు. "రేపు ఆ కథ పట్టుకుని కళ్ళంలోకి రా" అంది.

కళ్ళంలో ఎండు మిరపకాయలు రాశి పోసి, ఆడవాళ్ళు తాలు కాయలు ఏరుతున్నారు. అత్త పీట వేసుకుని నా కథ అందుకుంది. రేషన్ కార్డులో పేర్లు చదివినట్టు చదివింది! మామూలుగా ఆవిడ నోరు విప్పితే వీధంతా నవ్వేది. నాకు ఒళ్ళు మండింది.

"కాస్త భావం పెట్టి చదవొచ్చు కదత్తా!"

"పత్రికతో పాటు నేనూ ఇంటింటికీ వెళ్ళి చదువుతానా ఏమిటే? నా గొంతు నీకు అరువివ్వను. నన్ను కాదే, వాళ్ళ చేతులు చూడు."

చూశాను. నేను చెమటోడ్చి వర్ణించిన సూర్యోదయం దగ్గర చేతులు చకచకా ఆడుతున్నాయి, పైగా కబుర్లు కూడా. కూతురు ఊళ్ళో లేనప్పుడు ఒక తల్లి దాని గాజులు తొడుక్కుని చూసుకునే చిన్న వాక్యం దగ్గర మాత్రం చేతులన్నీ ఆగాయి.

"తొడుక్కుని ఏం జేసిందమ్మా?" అంది ఒకావిడ.

కథలో ఆ వాక్యం తర్వాత దాని గురించి నేనేమీ రాయలేదు. కథ అక్కడుందని నాకు తెలియనే లేదు.

"చేతులాగిన చోటు ఉంచు. మిగతాదంతా తాలే, ఏరెయ్" అంది అత్త.

ఆ ఏడాది ఎన్నిసార్లు తిరగరాశానో, ఎన్ని చీవాట్లు తిన్నానో! చివరికి ఆ గాజుల కథే అచ్చయింది. అత్త జగ్గయ్యపేట బస్సులో పక్క సీటావిడ ఒళ్ళో పత్రిక పెట్టి, "మా మేనకోడలు రాసిందండి. దిగేలోపు అయిపోద్ది, చదవండి" అందట. చదువుతున్నంతసేపూ ఆవిడ చేతులే చూస్తూ కూర్చుందట. తర్వాత నాకు కప్పిన శాలువాలేవీ ఆ బస్సు ప్రయాణానికి సాటి రావు.

పోయిన నెల, మంచంలో ఉన్న అత్తకి ఈ కొత్త కథ నేనే చదివాను, ఆవిడ నేర్పినట్టే చప్పగా. ఆవిడ వేళ్ళు దుప్పటి అంచు దారాలు పీకుతున్నాయి. మొదటి పేజీ అంతా పీకుతూనే ఉన్నాయి. రెండో పేజీలో ఆగాయి.

"తర్వాత?" అంది, కళ్ళు తెరవకుండానే.

"అంతవరకే రాశానత్తా."

"మరి ఇక్కడ కూచున్నావేం? పోయి రాయి."

నేను లేచి వచ్చేసేటప్పుడు కూడా, సగం లాగిన దారం ఆవిడ రెండు వేళ్ళ మధ్య అలాగే ఉంది.