నడిమి మంచం కండక్టరు

ఫినాయిల్ వాసన ఎక్కడ తగిలినా నాకు ఇప్పటికీ మా పెద్దమ్మే గుర్తొస్తుంది. ముప్ఫై ఏళ్ళు ఎముకల వార్డులో ఆయాగా చేసింది. తొడ ఎముక విరిగితే కాలికి తాడు కట్టి, మంచం చివర బరువు వేలాడదీసే రోజులవి. ఆరు వారాలు వెల్లకిలా పడుకోవాలి. కదలకూడదు.

ఎముక సంగతి చూడ్డానికి ముగ్గురు డాక్టర్లుండేవారు. పొద్దు గడవని మనిషి సంగతి ఎవరి డ్యూటీలోనూ లేదు. విసిగి మధ్యలోనే వెళ్ళిపోయినవాళ్ళ కాగితం మీద ‘సొంత పూచీ మీద వెళ్ళాడు’ అని రాసేసి చేతులు కడుక్కునేవారు. తప్పంతా రోగిదే. వంకర కాళ్ళతో వాళ్ళు ఎక్కడెలా బతుకుతున్నారో ఎవరూ వాకబు చేయలేదు.

ఒకసారి నడిమి మంచం మీదికి ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. కుడి తొడ విరిగింది. పన్నెండో రోజున పెద్దమ్మని ఆపాడు.

“అక్కా, కాగితం తెప్పించు. సంతకం పెట్టి పోతా. ఈ కప్పు చూసి చూసి పిచ్చెక్కేట్టుంది.”

“కాలు వంకరైతే బస్సెవరు నడుపుతారు, మీ మామగారా?”

“నడపకపోతే మానె.”

“రేపటిదాకా ఓపిక పట్టు నాయనా. అప్పుడూ పోతానంటే కాగితం నేనే తెస్తా.”

మర్నాడు ఇంట్లో గోడ అద్దం దుప్పట్లో చుట్టి తెచ్చింది. మంచం పైనున్న ఇనపకమ్మీకి కట్టి, కిటికీవైపు వాల్చింది. రోడ్డు, మలుపు, బస్టాపు అన్నీ ఆ మూరెడు అద్దంలోకి దిగాయి. పావుగంట బాగానే గడిచింది. అంతలో మలుపు దగ్గర ఒక బస్సు, అద్దం కదా, తప్పుపక్కన దూసుకొస్తున్నట్టు కనబడింది. ఇరవై ఏళ్ళ అలవాటు ఊరుకుంటుందా? డ్రైవరు కుడికాలితో బ్రేకు తొక్కాడు. బరువు ఎగిరిపడింది. అతని కేకకు వార్డంతా ఉలిక్కిపడింది.

హెడ్ నర్సు పరుగున వచ్చి బరువు సరిచేసింది. “ఆయమ్మా, నీకు మతి పోయిందా? విప్పెయ్ దాన్ని.”

“అద్దం పోతే నేనూ పోతా,” అన్నాడు డ్రైవరు పళ్ళు బిగబట్టి.

“తప్పు నాదేనమ్మా. డ్రైవరు ముందు రోడ్డు పెట్టాను,” అంది పెద్దమ్మ. తర్వాత అతనివైపు తిరిగింది. “ఇదిగో, ఇవాళ్టినుంచి నువ్వు కండక్టరువి. నీకు బ్రేకు లేదు. వచ్చిన బస్సు నంబరు అందరికీ చెప్పడమే నీ పని.”

పక్క మంచం దర్జీ నవ్వాడు. “పాపం, ఉద్యోగం తగ్గించేశారు.”

“నువ్వు ముందు టిక్కెట్టు తీసుకో,” అన్నాడు డ్రైవరు.

హెడ్ నర్సుకి నవ్వాగలేదు. “సాయంత్రందాకా చూస్తా. బరువు మళ్ళీ కదిలిందో, ఆ అద్దమూ ఉండదు, నువ్వూ ఉండవు,” అని పెద్దమ్మని హెచ్చరించి వెళ్ళింది.

బరువు కదల్లేదు. తిరగబడిన అంకెలు చదవడం అతనికి రెండు రోజుల్లో పట్టుబడింది. ఏ బస్సు ఎంత ఆలస్యమో పదహారు మంచాలకీ తెలిసేది. రోగుల్ని చూడ్డానికొచ్చినవాళ్ళు అతని కేక విన్నాకే లేచేవారు. హెడ్ నర్సు కూడా డ్యూటీ దిగేముందు ఏమీ పట్టనట్టు మొహం పెట్టి, “మాది వచ్చిందా?” అని అడిగేది.

నలభై మూడో రోజున డాక్టరు తాడు విప్పి, రెండు కాళ్ళూ పక్కపక్కన పెట్టి కొలిచాడు. తేడా లేదు. పెద్దమ్మ చంకకర్రలు అందించింది. అతను తీసుకోలేదు.

“ఒక్క నిమిషం అక్కా. మూడో నంబరు ఇంకా రాలేదు. అది చెప్పేసి దిగుతా.”