సుగ్గికి పోయిన పుస్తకాలు

తుంగభద్ర నీళ్లు దోసిట్లో పట్టి, మంత్రాలయం దిక్కుకు తిరిగి ఒట్టేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. నీళ్లు సీసాలోవి అయితేనేం, నది ఆ నదే.

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే దారిలో ఉంది మా ఊరు. మా గ్రంథాలయం ఒకటే గది. దాని తాళంచెవి చాలా ఏళ్లుగా నా మొలతాడుకే వేలాడుతోంది.

వానలు మొహం చాటేస్తే చాలు, మిరపకోతల కాలానికి మా ఊళ్లో సగం ఇళ్లు మూతపడతాయి. అలా కూలికి దూరం పోవడాన్ని మా వైపు సుగ్గికి పోవడం అంటాం. మూడేళ్ల కిందట, గుంటూరు వైపు పోయే లారీ వాకిట్లో నిలబడి ఉండగా, కోసిగి నుంచి మా ఊరికి కోడలుగా వచ్చినామె ఒక నవల చంకన పెట్టుకుని వచ్చింది. కోతల దగ్గర వాన పడి పని ఆగిన రోజున గుంపుకంతా చదివి వినిపించేది ఆమే.

"అన్నా, ఈ బుక్కు సగమే అయింది. ఎంట తీస్కపోతా."

"పదైదు దినాలకు తిరిగియ్యల్లమ్మా. నువ్వొచ్చేది ఉగాదికి."

"మనుషులం మేమే పోతాంటే, ఇది ఈడ కూసోని ఏం జేస్తాది? గొర్రెపిల్లనా, కట్టేసుకునేకి?"

అట్ట లోపల, ఏ ఊరి గ్రంథాలయం వాళ్ల చేతికొచ్చినా తెలిసేలా, ఒక చీటీ అంటించాను: "ఈ పుస్తకం మా కూలీలతో వచ్చింది. చదివి మీ దగ్గర ఇస్తే, మీ ముద్ర వేసి, మీదొకటి వాళ్లకు ఇవ్వండి. మాదాన్ని మావైపు వచ్చేవాళ్ల చేత పంపండి."

పంపారు! అక్కడి గ్రంథాలయం చూసుకునే ఆమె నా మొహమన్నా చూడలేదు. అయినా ముద్ర వేసి, ఒక బస్సు డ్రైవరు చేత ఆదోనికి పంపింది. పుటల నిండా ఎర్రటి వేలిముద్రలు. ఆ ఘాటుకు మా బీరువాలోని చెదలు తుమ్ముకుంటూ గడప దాటడం కళ్లారా చూశాను. మరుసటేడు మా పుస్తకాలు రాయచూరు, బెంగళూరు కూడా పోయివచ్చాయి.

ఈ ఏడు మాఘంలో తనిఖీకి ఒక అధికారి వచ్చాడు. ఖాళీ అరల వంక చూశాడు.

"పుస్తకాలెక్కడయ్యా?"

"సుగ్గికి పోయినాయి సార్."

"తమాషానా? చదివేవాళ్లూ లేరు, పుస్తకాలూ లేవు. ఈ గది మూసేసి మిగిలినవి ఆదోనికి చేర్చేస్తాం. తాళంచెవి ఇటివ్వు."

"సదివేటోళ్లు యాడుంటే బుక్కులూ ఆడనే ఉండాయి సార్. ఇయ్యను."

ముద్రలు పడి తిరిగొచ్చినవాటిని ఒక్కొక్కటే ఆయన ముందు పరిచాను. చివరగా ఒక కథల పుస్తకం తీశాను. అది మిరపకాయల బస్తాలో పడి, ఓడెక్కి, కొలంబో చేరింది. బస్తా విప్పిన హమాలీ దాన్ని అక్కడి గ్రంథాలయంలో ఇచ్చాడు. వాళ్లు నా చీటీని ఎవరిచేతో చదివించుకుని, గుండ్రటి అక్షరాల ముద్ర కొట్టి, వెనక్కి పంపారు.

"కరువు మా ఒక్క ఊరికే రాసిపెట్టలేదు సార్. రేపు సముద్రం పొంగి ఇంగో దేశమే కదలొచ్చు. ఆ జనం యాడ దిగితే ఆడ గ్రంథాలయం తలుపు తీయల్ల. నీ కార్డు యా ఊరిదని అడగకూడదు. దేశాలు తిరిగిన బుక్కులు ఇంటికొచ్చే యాళకు మీరు ఇంటికి తాళమేస్తిరంటే, వాటికి ఏం జవాబు చెప్తారు?"

ఆయన ఆ ముద్రను వేలితో రుద్ది చూశాడు. "ఉగాదికి మళ్లీ వస్తా. ఒక్కటి తక్కువైనా మూసేస్తా," అని పోయాడు.

ఉగాదికి లారీలు వచ్చాయి. తన ఇంటి మగ్గం మీద మిగిలిన గుడ్డముక్కలో పుస్తకాలు మూటగట్టి అందరికంటే ముందు ఆ కోసిగి ఆమే తెచ్చింది. అన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. ఆ మూటలోనే గుంటూరు వైపు గ్రంథాలయం ఆమె రాసిన ఉత్తరం ఉంది: "మీ పుస్తకం ఇక్కడొకావిడ చదువుతోంది. మధ్యలో లాక్కోలేను. అయ్యాక పంపుతా."

అన్నట్టే వచ్చిన అధికారి ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాడు. తాళంచెవి అడగకుండానే జీపెక్కాడు.

ఇక నా ఒట్టు సంగతి. కొలంబో నా కల్పన. ఆ ముద్ర సగానికి కోసిన ఉర్లగడ్డ, అదే బంగాళాదుంప, మీద నేనే చెక్కాను. చెదలు తుమ్మడం మాత్రం నిజం. కొలంబో నుంచి అసలు ముద్ర వచ్చిన రోజు నా గడ్డ ముద్రను నేనే చెరిపేస్తాను. రాదంటారా? గుంటూరు నుంచి వస్తుందని మాత్రం ఎవరనుకున్నారు? అందాకా తాళంచెవి నా మొలతాడుకే ఉంటుంది.