తలదాచుకోవడానికో నెంబరు

మా ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల రోజున తప్ప వినపడదు. అందరికీ డైరెక్టరీ బాబాయే. బస్తీల్లో పనిచేసే కార్యకర్తలకు కావలసిన సమాచారం అందించడం మా ఉద్యోగం. మీటింగు ఎలా నడపాలో చెప్పే పుస్తకాలు, గోడకు తగిలించే బొమ్మలు, అన్నిటికంటే ముఖ్యంగా, ఏ సాయం ఎక్కడ దొరుకుతుందో చెప్పే లావుపాటి డైరెక్టరీ. దాన్ని కూర్చింది బాబాయే. దానిమీద ఎవరైనా టీ గ్లాసు పెడితే ఇంతెత్తున లేచేవాడు.

ఆ సాయంత్రం కొత్తగా చేరిన కార్యకర్త బస్టాండు నుంచి ఫోను చేసింది. పక్కన మొగుడు చితకబాదిన ఒకావిడ, ఆవిడ ఒళ్ళో పాప. చీకటి పడేలోగా వాళ్ళకు తలదాచుకునే చోటు కావాలి.

"బాబాయ్, మీ పుస్తకంలో ఉన్న మహిళల ఆశ్రయం నెంబరు మోగట్లేదు."

"మోగకపోవడమేంటి? మొన్ననేగా సరిచూశాం. ఐదు నిమిషాలాగు తల్లీ, నేను చేస్తా."

ఆ నెంబరే లేదట. రెండో ఆశ్రయానికి చేస్తే ఎవరో ఇనుప సామాన్ల కొట్టాయన ఎత్తి "రోజూ ఏంటండీ మీ గోల" అని కసిరాడు. మూడోచోట వాచ్‌మన్, ఆశ్రయం ఎత్తేసి చాలా కాలమైందన్నాడు.

అసలు సంగతి తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. మేం ఏటా నెంబర్లు సరిచూసేది వీధి చివర ఉన్న ఇంకో సంస్థ డైరెక్టరీతో. రెండూ కలిస్తే టిక్కు. వాళ్ళు సరిచూసుకునేదేమో మా డైరెక్టరీతో! ఒకరినొకరు చూసుకుని మురిసిపోవడమే తప్ప, ఫోనెత్తి "అమ్మా, ఉన్నారా?" అని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఫోను మళ్ళీ మోగింది. "దొరికిందా బాబాయ్? పాప ఏడుస్తోంది. ఈవిడ వెళ్ళిపోతానంటోంది."

"ఎలాగోలా కూర్చోబెట్టమ్మా. ఇంకో ఐదే నిమిషాలు."

చివరికి మహిళల హెల్ప్‌లైనుకు చేశాడు. అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా అంతా విని, "ఒక నెంబరిస్తాను, రాసుకోండి సార్. వాళ్ళ దగ్గర అన్ని వివరాలూ ఉంటాయి" అంది. బాబాయ్ రాసుకుంటూ సగంలో పెన్ను ఆపేశాడు.

"అది నా బల్లమీద ఉన్న ఫోనే తల్లీ" అన్నాడు.

కష్టంలో ఉన్నవాళ్ళను ఇంటికి తీసుకెళ్ళకండి, లేనిపోని తంటాలొస్తాయి అని కొత్తవాళ్ళకు శిక్షణలో చెప్పేది ఈయనే. చెప్పిచెప్పి తనకే అది ఎంత అలవాటైపోయిందంటే, ఇంతసేపూ తనకూ ఒక ఇల్లుందని తోచనే లేదు. తోచగానే ఆత్రంగా బస్టాండులో ఉన్న కార్యకర్తకు ఫోను కలిపాడు.

"అమ్మా, ఇంకెక్కడా వెతకొద్దు. మా ఇంటికే తీసుకొచ్చెయ్. మీ పిన్నికి నేను చెప్పుకుంటా."

బస్సుల హారన్ల మధ్య ఆ అమ్మాయి మాట వినిపించింది.

"వెళ్ళిపోయింది బాబాయ్. చీకటి పడ్డాక ఇంటికెళ్తే మొగుడు ఇంకా కొడతాడని బస్సెక్కేసింది. పాపం, తనకోసం ఇంతసేపు తిప్పలు పడ్డారని, మీకు దణ్ణాలు చెప్పమంది."